దెబ్బలు తిన్న మగవాడు ఏ తలుపు తట్టాలి?

సంపాదకునికి,

గృహహింసకు గురైన మహిళల కోసం మన జిల్లాల్లో 181 నంబరు, ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట ఇచ్చే వన్ స్టాప్ సెంటర్లు, 2005 నాటి చట్టం కింద రక్షణాధికారులు, గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు. ఇవి చాలవనీ, ఉన్నవాటిలోనూ కొన్ని పేరుకే నడుస్తున్నాయనీ నేనూ అంటాను. అయితే అవే ఇళ్లలో భార్య చేతనో, బావమరుదుల చేతనో, తాగి వచ్చిన కొడుకు చేతనో దెబ్బలు తినే మగవాడికి, అమలాపురం వైపు గానీ నరసాపురం వైపు గానీ, 'ఇది నీ కోసమే' అని చూపించదగిన చోటు నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ సంగతిని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కట్లు కట్టే గదిలో ఇలాంటి మగవాళ్లు చెప్పే కారణాలు కొద్దిపాటి తేడాలతో ఒకటే: కాలువగట్టు మీద బండి జారింది, కొబ్బరి మట్ట నెత్తిన పడింది, మేడమెట్ల మీద కాలు మడతపడింది. ఒకాయన మెడ వెనక నుంచి నడుము దాకా బొబ్బలెక్కి వచ్చి, పొయ్యి మీది నీళ్ల గుండిగ దించుతుంటే ఒలికిందన్నాడు. గుండిగ దించేవాడికి కాలితే పొట్టా, తొడలూ, పాదాలూ కాలతాయి గానీ వీపు కాలదు. డ్యూటీ డాక్టరు గారు రెండోసారి అడిగేసరికి తలుపు వైపు ఒకసారి చూసి, 'పిల్లలున్నారండీ, ఏమీ రాయకండి' అన్నాడు. కాలిన చోట మందు రాసి, టీటీ ఇంజెక్షను ఇచ్చి పంపడంతో వ్యవహారం ముగిసింది. అదే గాయంతో స్త్రీ వస్తే ఏమి అడగాలో, ఎవరికి కబురు పెట్టాలో సిబ్బందికి తెలుసు. పురుషుడి విషయంలో అలాంటి దారేదీ ఎవరూ చెప్పి ఉండలేదు.

చట్టంలో అతనికి చోటే లేదా అంటే, కొంత ఉంది. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది స్త్రీ మాత్రమే. 2016లో సుప్రీంకోర్టు అందులోని 'వయోజన పురుషుడు' అనే మాటలు కొట్టివేశాక ఇంట్లోని ఏ స్త్రీ మీదైనా కేసు వేసే వీలు కలిగింది గానీ, వేసేవారు మారలేదు. ఆ చట్టం ఎందుకు అవసరమైందో నేను చేతులారా కట్టిన కట్లే నాకు చెప్పాయి. వాటిలో చాలా ఎక్కువ భాగం ఆడవాళ్ల ఒంటి మీదివే. కనుక భార్యను హింసించే భర్తనూ అత్తింటివారినీ శిక్షించే పాత 498ఏను, అంటే నేటి భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షన్‌ను, ఎత్తివేయాలని వాదించేవారి వెంట నేను నడవలేను. దెబ్బలు తిన్న మగవాడికి అదే సంహితలోని వేరే సెక్షన్లు అక్కరకు వస్తాయి. కొట్టి గాయపరిస్తే 115, ఆయుధంతో గానీ, నిప్పుతో గానీ, మరిగించిన పదార్థంతో గానీ గాయపరిస్తే 118 ఉన్నాయి. వీటికి ఆడా మగా తేడా లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద క్రూరత్వం కారణంగా విడాకులు కోరే హక్కు భర్తకూ ఉంది. కానీ వీపు కాలిన మనిషి మర్నాడే విడాకుల కోర్టుకు వెళ్లడు. అతనికి ముందు కావలసింది నవ్వకుండా వినే ఒక మనిషి, రాత్రివేళ గెంటేస్తే రామాలయం అరుగో రావులపాలెం బస్టాండో కాక తలదాచుకునే ఒక గది, పిల్లల సంగతేమిటో చెప్పే ఒక లాయరు.

ఇల్లరికం అల్లుళ్ల పరిస్థితి మరీ కష్టం. ఇల్లు మామగారిది, చేలూ కొబ్బరితోటా భార్య పేర, నలుగురిలో కూర్చునే పెద్దమనుషులందరూ ఆమె వైపు బంధువులే. పంచాయితీ పెడితే తీర్పు ముందే తెలిసిపోతుంది. పైగా 'మగాడివై ఉండి' అనే మాట ఒకటి అదనం. ముసలివాళ్ల బాధ ఇంకో రకం. రొయ్యల చెరువు లీజు డబ్బు చేతికి ఇవ్వలేదని కొడుకు చెయ్యి చేసుకున్న తండ్రులకు నేను కట్లు కట్టాను. అరవై దాటినవారికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం అండగా ఉంది. ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టి పోషణ కోరవచ్చు. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోని పక్షంలో, రద్దు చేయమని కూడా అడగవచ్చు. ఈ విషయం తెలిసిన ముసలాయన నాకు ఒక్కరూ తారసపడలేదు.

ఇలాంటి పురుషులు ఎందరని అడిగితే చెప్పే లెక్క లేదు, ఎందుకంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస గురించిన ప్రశ్నలు అడిగేది మహిళలనే. 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకోగా వారిలో 1,18,979 మంది పురుషులనీ, మొత్తం మీద సుమారు మూడో వంతుకు కుటుంబ సమస్యలే కారణమనీ జాతీయ నేర నమోదు సంస్థ చెప్పింది. ఈ అంకెలు చూపించి, చనిపోయిన మగవాళ్లంతా భార్యల వల్లే చనిపోయారని వాట్సాప్‌లో తిప్పేవారున్నారు. కుటుంబ సమస్యలంటే అప్పులూ, తాగుడూ, అన్నదమ్ముల తగాదాలూ కూడా. ఇంట్లో నలిగిపోతున్న మగవాడు నోరు విప్పే చోటు లేదనడానికి ఆ అబద్ధం అక్కర్లేదు.

కొట్టేవాడే ముందుగా వచ్చి బాధితుడినంటే ఎలాగని మహిళా సంఘాలవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బ్రిటన్‌లో పురుష బాధితులకు ఫోన్ సలహా కేంద్రం నడిపే సంస్థే, ఫోన్ చేసినవారు నిజంగా హింసకు గురవుతున్నారా లేక చేస్తున్నారా అని ఆరా తీసే పద్ధతినీ తయారుచేసుకుంది. అలాంటి శిక్షణ మన కౌన్సెలర్లకూ ఇవ్వవచ్చు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు, మహిళల కేంద్రాల నిధుల్లోంచి ఒక్క రూపాయి మళ్లించమనీ అనను. ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట, ఓపీకి దూరంగా ఒక గదిలో, ఒక కౌన్సెలరునూ న్యాయ సేవాధికార సంస్థ పంపే ఒక లాయరునూ కూర్చోబెడితే ఆరంభానికి చాలు. గాయానికీ చెప్పే కారణానికీ పొంతన లేనప్పుడు మగవారినీ ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. కె.శ్రీనివాసరావు అనే భర్త విడాకుల కేసులో 2013లోనే సుప్రీంకోర్టు, దాంపత్య వివాదాలు కోర్టుకెక్కక ముందే పరిష్కరించేందుకు మధ్యవర్తిత్వ కేంద్రాల్లో ప్రత్యేక డెస్కులు పెట్టి, వాటికి విస్తృత ప్రచారం కల్పించాలని చెప్పింది. ఆ ప్రచారం మా లంక గ్రామాల దాకా రాలేదు.

మీ పత్రికకూ ఒక మనవి. భార్య చేతిలో భర్త దెబ్బలు తిన్న వార్తను బాక్సు కట్టి, కార్టూను జోడించి వేయడం మానండి. ఆ చోటులో మానసిక సహాయానికి 14416, ఉచిత న్యాయ సలహాకు 15100, వృద్ధులకు 14567, ప్రాణాపాయంలో 112 నంబర్లు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
రాజోలు, కోనసీమ జిల్లా