పాపకు, ఆ మూడు బండ్ల గురించి

తిరుపతి,
ఆదివారం రాత్రి

చి.సౌ. పాపకు,

నాయన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి వస్తోంది.

నువ్వు పంపిన మూడు బండ్ల ఫోటోలు, వివరాలు అన్నీ చూశాను. రెండు రోజులుగా షెడ్డు మూసి ఇంటికొచ్చాక ఇదే పని. ఫోన్లో చెబితే డ్యూటీ హడావుడిలో నీకు సగం గుర్తుండదు, అల్లుడికి అందులో సగమే చేరుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి తీరిగ్గా చదవండి.

ఎస్టేట్ బండే, అంటే పైకప్పు డిక్కీ చివరిదాకా సాగి వెనక సామానుకు చోటుండే కారే, తీసుకోవాలన్న మీ ఆలోచన నాకు బాగా నచ్చింది. మన దగ్గర ఆ రకానికి ఎప్పుడూ గిరాకీ లేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో ఇండిగో మెరీనా వచ్చింది, రోడ్డు మీద పెద్దగా కనబడకుండానే రెండూ వెళ్లిపోయాయి. కానీ బిడ్డ పుట్టాక స్ట్రోలర్, మేమొస్తే మా పెట్టెలు, మీ అమ్మ కట్టే పచ్చడి సీసాల అట్టపెట్టె, ఇవన్నీ పట్టి కూడా మలుపులో ఒరగకుండా నేలను పట్టుకుని పోయే బండి అదే. ఇంగ్లండ్‌లో మీ షెఫీల్డ్ ఎత్తుపల్లాల ఊరు అంటున్నావు కాబట్టి టర్బో ఉండటమూ మంచిదే.

నువ్వు అడిగింది, మూడింట్లో ఏ మోడల్ మంచిది నాయనా అని. నేను మోడల్ దగ్గర మొదలుపెట్టను. మూడూ టర్బో బండ్లు, మూడూ పాతవి. అలాంటప్పుడు నేను మొదట అడిగేది, ఇన్నేళ్లలో ఇంజన్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, దానికి బిల్లులు ఉన్నాయా అని. కంపెనీ పేరు, గుర్రాల బలం, లోపలి సీట్ల తోలు అన్నీ ఆ తర్వాతే.

ఎందుకో చెప్తాను. టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్ వైపు పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్‌లోకి తోస్తుంది. అందుకే చిన్న ఇంజన్ కూడా పెద్ద ఇంజన్ అంత లాగుతుంది. మన హాల్లో సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. టర్బో ఇరుసు లక్ష దాటి తిరుగుతుంది, చిన్న కార్లలో ఉండేవి రెండు లక్షల దాకా పోతాయి. అంత వేగంలో ఇరుసు ఇనుమును తాకితే నిమిషం నిలవదు. పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. పెట్రోల్ బండిలో ఒకవైపు తొమ్మిది వందల డిగ్రీలు దాటే పొగ, ఇంకోవైపు బయటి గాలి, మధ్యలో ఉన్నది ఆ ఆయిలే. అది పాతబడి మడ్డి కట్టిందంటే ముందు పోయేది టర్బోనే.

ఇక్కడ అలాంటివి ఎన్ని విప్పానో. నిండా జనాన్ని ఎక్కించుకుని ట్యాక్సీ రెండో ఘాట్ రోడ్డులో కొండెక్కుతుంది. దారి పొడవునా ఇంజన్ ఏడుస్తూనే ఉంటుంది. పైకి చేరగానే దర్శనం టైమ్ అంటూ వెనకవాళ్లు తొందర పెడతారు, డ్రైవర్ టక్కున తాళం తిప్పేస్తాడు. ఇంజన్ ఆగిందంటే ఆయిల్ పంపు ఆగినట్టే. కాలిపోతున్న టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడుతుంది. ఏడాది పొడవునా ఇదే వరస. అలాంటి టర్బో విప్పితే ఇరుసు నీలం రంగుకు తిరిగి ఉంటుంది, చుట్టూ నల్లటి పెచ్చు. దోసె పెనం అంచున ఏళ్ల తరబడి పేరుకున్న మాడు ఉంటుందే, అచ్చం అదే. గోటితో గీకితే రాదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే పెళ్లలుగా లేస్తుంది. పైకి చేరాక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చి ఆపి ఉంటే ఆ ఖర్చు వచ్చేది కాదు. మీరూ హైవే నుంచి దిగాక ఆ అలవాటు పెట్టుకోండి.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది నేను నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 2006 వేసవిలో మనం మదనపల్లికి అవ్వ వాళ్లింటికి బయలుదేరాం, నువ్వు అప్పుడు ఐదో క్లాసు. బండి కొని ఇరవై రోజులు కాలేదు. టర్బో డీజిల్, తెల్ల రంగు, సెకండ్ హ్యాండ్. భాకరాపేట ఘాట్‌లో ఎక్కుతుంటే ఉన్నట్టుండి ఈల లాంటి శబ్దం వచ్చి వెనక రోడ్డంతా నీలం కలిసిన తెల్లటి పొగ కమ్మేసింది. కాలు తీసేశాను, ఇంజన్ తగ్గలేదు. తాళం తీసేశాను, అయినా ఆగలేదు, ఇంకా ఇంకా పైకి లేస్తోంది. టర్బో సీలు పోయి ఇంజన్ ఆయిల్ గాలి దారిలోకి వస్తే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి మండించుకుంటుంది, డీజిల్ ఆపేసినా లాభం ఉండదు. మిమ్మల్ని దిగి దూరంగా పొమ్మని అరిచి, టాప్ గేర్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి క్లచ్ వదిలేశాను. బండి ఒక్కసారి ఊగి ఆగిపోయింది. అద్దంలో చూస్తే నువ్వు నీళ్ల బాటిల్‌ను గుండెకు అదుముకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నావు. ఆ పొగలో నీ కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

తప్పు నాది. కొనే రోజు డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ తేనెలాగా పచ్చగా ఉంది, ఎంత బాగా చూసుకున్నారో అనుకున్నాను. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ వేసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అంత పచ్చగా ఉందంటే నిన్నో మొన్నో పోశారని అర్థం, అంతకుముందు ఎన్నేళ్లు ఏ ఆయిల్‌తో నడిపారో అది చెప్పదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్కుని, ఆ ముక్క నాకు తెలుసు. బండి తళతళలాడుతోంది, ధర తక్కువ, మనసు అటు లాగింది, బిల్లులు అడగలేదు. ఆ రోజు మీకేమైనా అయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర పట్టనివ్వదు. అందుకే నిన్ను ఇంత విసిగిస్తున్నాను.

ఇప్పుడు నీ మూడు బండ్లు.

2012 వోల్వో వీ70, డీ5 డీజిల్. చెప్పాలంటే నా మనసు దీని మీదే ఉంది. ఐదు సిలిండర్లు, రెండు టర్బోలు, 2.4 లీటర్ల ఇంజన్. ఇలాంటివి ఇప్పుడు చేయడం లేదు. కానీ నీకు వద్దు. నీ ఇంటి నుంచి హాస్పిటల్‌కు నాలుగు మైళ్లు. డీజిల్ బండి సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఇంజన్ బాగా వేడెక్కి పదిహేను ఇరవై నిమిషాలు ఒకే వేగంలో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. నాలుగు మైళ్లలో, అదీ మీ చలిలో, ఇంజన్ వేడెక్కే లోపలే నీ పార్కింగ్ వచ్చేస్తుంది. మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, పని సగంలో ఆగితే ఆ డీజిల్ కొంత జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్ మీద టర్బో తిరగాలి. చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాం.

నువ్వు పంపిన ఎంఓటీ రికార్డు, అదే మీ దగ్గర బండ్లకు ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్షది, అది కూడా అదే చెబుతోంది. నంబర్ కొడితే ఏ సంవత్సరం ఎన్ని మైళ్లు తిరిగింది, పరీక్షలో ఏం లోపం రాశారు అన్నీ పైసా ఖర్చు లేకుండా కనబడటం చూసి నాకు ఎంత ముచ్చటేసిందో. ఇక్కడ మీటర్ తిప్పిన బండ్లు చూసి చూసి ఉన్నవాణ్ణి కదా. ఆ వోల్వో పదేళ్లు బాగా తిరిగి, ఆ తర్వాత ఒక ఏడాది మొత్తానికి ఐదొందల మైళ్లే తిరిగింది. అంటే నిలబడి ఉంది, లేదా అంగడికి పోయి రావడానికే వాడారు. డీజిల్‌కు రెండూ చెడ్డవే. పైగా ఆ ఏడాది మోడల్ డీజిల్ యూరో 5, బండి పొగకు యూరప్‌లో పెట్టిన కాలుష్య ప్రమాణం అది, అంకె పెరిగేకొద్దీ కఠినం. మీ ఆడపడుచు ఉండేది లండన్‌లో. 2023 ఆగస్టు నుంచి లండన్ అంతటా యూలెజ్ అని పొగ ఎక్కువ వదిలే బండ్లకు రుసుము వేసే పద్ధతి ఉంది, డీజిల్ అయితే యూరో 6 ఉండాలి, లేదంటే తిరిగిన ప్రతి రోజుకూ పన్నెండున్నర పౌండ్లు. పెట్రోల్‌కు యూరో 4 ఉంటే చాలు కాబట్టి మిగతా రెండింటికీ ఆ బాధ లేదు.

2011 స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్. ఇది అల్లుడి మనసులో ఉన్న బండి అని నువ్వు చెప్పకపోయినా తెలుస్తోంది, ఫోటోలు దానివే ఎక్కువ ఉన్నాయి. 2 లీటర్ల పెట్రోల్ టర్బో, 200 గుర్రాలు, ఎస్టేట్ అయినా ఎగిరిపోతుంది. ఆ వయసులో నాకూ అదే నచ్చేది. అయితే ఆ తరం ఇంజన్ మీద రెండు ఫిర్యాదులు లోకమంతా ఉన్నాయి. కొన్ని ఆయిల్ తాగుతాయి, పిస్టన్ రింగుల దగ్గర సన్న రంధ్రాలు మూసుకుపోయి. ఇంకొకటి, వాల్వులను సరైన వేళకు తెరిపించే టైమింగ్ చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్. దాన్ని తర్వాత మార్చి కొత్త రకం పెట్టారు, పాతది జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పోతుంది. దీని రికార్డులో వరసగా రెండేళ్లు ఆయిల్ లీక్ ఉంది, ఎక్కువ కాదు అని రాశారు. రెండో ఏడాది కూడా అదే మాట రాశారంటే మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని. అమ్మే అతను సర్వీస్ బుక్ పోయిందన్నాడట. అల్లుడికి నా మాటగా చెప్పు, బండి మీద నాకు కోపం లేదు, ఇదే బండి ఆయిల్ బిల్లులు, కొత్త టెన్షనర్ వేసిన బిల్లుతో దొరికితే నేనే కొనుక్కోమంటాను.

ఇక 2015 ఆక్టేవియా, 1.4 పెట్రోల్ టర్బో, 150 గుర్రాలు. చూడటానికి సాదాగా ఉందని నువ్వే అన్నావు. కానీ డిక్కీ 610 లీటర్లు. పేరుకు వోల్వో పెద్ద బండి, దాని డిక్కీ 575. ఈ ఇంజన్‌లో చైన్ కాదు, బెల్ట్, కాబట్టి ఇందాక చెప్పిన ఆ చైన్ బాధ లేదు. ఇంజన్ ఆపాక కూడా టర్బోను చల్లబరిచే నీళ్ల పంపు కరెంటుతో కాసేపు తిరుగుతుంది. మా ట్యాక్సీ డ్రైవర్ల దగ్గర ఇలాంటిది ఉండి ఉంటే నా షెడ్డుకు సగం పని తగ్గేది. గేర్లు మనిషి వేసేవే కావడం ఇంకా మంచిది. ఆ కాలపు ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ అయితే వద్దనేవాణ్ణి. ఏటా ఎనిమిది తొమ్మిది వేల మైళ్లు, తేడా లేకుండా తిరిగింది. ఒకే ఓనర్.

ఒక్కటే అనుమానం. మొదటి నాలుగేళ్లలో సర్వీస్ ముద్రలు రెండే ఉన్నాయి. ఆ కంపెనీలో లాంగ్‌లైఫ్ అనే పద్ధతి ఉంది, రెండేళ్లకో, సుమారు 18,000 మైళ్లకో ఒకసారి ఆయిల్ మారుస్తారు. కంపెనీ ఒప్పుకున్నదే, తప్పు అనలేను. కానీ టర్బోకు అది నాకు నచ్చదు. ఆ తర్వాత ఏటా మార్చినట్టు ముద్రలున్నాయి, వాటి బిల్లులు అడుగు. బిల్లులో ఆయిల్ పేరు పక్కన 502 గానీ 504 గానీ ఉందేమో చూడు, ఆ ఇంజన్‌కు కావాల్సిన రకాలు అవే. నువ్వు కొన్నాక మాత్రం ఏడాదికొకసారి తప్పకుండా మార్పించు, మైళ్లు తక్కువ తిరిగినా సరే. చిన్న దూరాలు తిరిగే పెట్రోల్ బండిలో కూడా ఆయిల్ త్వరగా పాడవుతుంది.

బండి మీద ఫైనాన్స్ బాకీ ఉందేమో చెక్ చేయించడం మరచిపోకు. ఆర్ఏసీ, ఏఏ వాళ్లు డబ్బు తీసుకుని బండి చూసి రిపోర్ట్ ఇస్తారట, ఆ ఖర్చుకు వెనకాడకు. మీ ఊళ్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, కింద తుప్పు కూడా చూడమను.

శనివారం వెళ్తామన్నావు. అమ్మే ఆయనకు ముందు రోజే చెప్పు, మేమొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని మర్యాదగా చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు ఫోటో తీయి. గోధుమరంగు బంకలా మడ్డి కనబడితే ఇక మాట్లాడొద్దు. తర్వాత స్టార్ట్ చేయించి అల్లుణ్ణి వెనక నిలబెట్టు. తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి పోతే చలికి వచ్చింది, భయం లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఐదు నిమిషాలు అలాగే తిరగనిచ్చి ఒకసారి యాక్సిలరేటర్ తొక్కించి మళ్లీ చూడండి.

మీకు పొద్దున తొమ్మిది అంటే మాకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ రోజు షెడ్డుకు పోను, ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటాను. వీడియో కాల్ చేయి. బానెట్ ఎత్తాక ఫోన్‌ను ఇంజన్‌కు దగ్గరగా పెట్టి, నువ్వు ఏమీ మాట్లాడకు. కాసేపు నన్ను విననివ్వు.

ఇట్లు,
మీ నాయన