అప్రమత్తంగా ఉండమంటే సరిపోదు: సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. చిన్న వ్యాపారాల జమాఖర్చులు చూసే వృత్తిలో ఉన్న నేను, సైబర్ మోసాలపై ప్రభుత్వం సాగిస్తున్న ప్రచారం గురించి ఒక విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. తెలియని లింకులు నొక్కవద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, అప్రమత్తంగా ఉండమని చెబుతున్న మాటలు జనానికి బాగానే చేరాయి. అవి అవసరమైన మాటలే. అయితే నెలాఖరు చెల్లింపుల ఒత్తిడిలో ఎంతటి జాగ్రత్తపరుడైనా ఏదో ఒక క్షణంలో ఏమరుపాటు పడతాడు. ఆ క్షణంలో కూడా సొమ్ము చేజారకుండా ఆపగల పద్ధతులు ఉన్నాయి. ప్రచారం వాటి వైపు మళ్లాలన్నదే నా విన్నపం.

వ్యాపారాలను దెబ్బతీసే మోసాల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది బిల్లుల మోసం. మోసగాడు ముందుగా సరుకు పంపేవారి ఈమెయిల్‌లోకో, కొనేవారి ఈమెయిల్‌లోకో చొరబడి, ఎవరికి ఎంత బాకీ ఉందో, ఎవరు ఎలా పలకరించుకుంటారో ఓపికగా చదువుతాడు. అసలు బిల్లు వచ్చే వేళకు ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి సొమ్ము కొత్త ఖాతాకు పంపగలరు’ అని రాస్తాడు. బిల్లు నంబరు, మొత్తం, సంతకం అన్నీ సరిగానే ఉంటాయి, ఖాతా నంబరు ఒక్కటే వేరు. ఇందులో అనుమానాస్పదమైన లింకు ఉండదు, ఓటీపీ అడిగేవారూ ఉండరు. 2013 నుంచి 2015 వరకు ఇటువంటి దొంగ బిల్లులతోనే గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచి ఒక ముఠా 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టుకుంది. అంతటి సంస్థలే మోసపోయినప్పుడు, ఒక్క గుమస్తాతో నడిచే వ్యాపారాన్ని జాగ్రత్తగా ఉండమని మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

2024లో బయటపడిన మరో మోసం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ కార్యాలయంలో ఒక ఉద్యోగికి రహస్య చెల్లింపు గురించి సందేశం వచ్చింది. ఆ ఉద్యోగికి మొదట అనుమానం కలిగింది కూడా. కానీ ఆ తర్వాత జరిగిన వీడియో సమావేశంలో పై అధికారుల ముఖాలు కనిపించి, గొంతులు వినిపించేసరికి ఆ అనుమానం తొలగిపోయి, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ అయ్యాయి. ఆ ముఖాలు, గొంతులు కృత్రిమంగా సృష్టించినవి. అప్రమత్తత అక్కడ లేకపోలేదు; అనుమానం వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే, ఎవరూ దాటకూడని నియమమే కావలసి ఉండింది.

ఆ నియమం కష్టమైనదేమీ కాదు. ఖాతా మార్పు గురించి గానీ, అసాధారణమైన చెల్లింపు గురించి గానీ కబురు వస్తే, ఆ కబురులో ఇచ్చిన నంబరుకు కాకుండా మన పుస్తకాల్లో ముందునుంచీ ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. పెద్ద మొత్తాలను ఒకరు నమోదు చేస్తే వేరొకరు ఆమోదించాలి. యజమాని స్వయంగా తొందరపెట్టినా ఉద్యోగి ఈ నియమాన్ని పాటించగలగాలి, అలా పాటించినందుకు అతడు మాట పడకూడదు. నా అనుభవంలో అమలుకు అన్నిటికంటే కష్టమైనది ఈ చివరిదే.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇంతే. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ విడుదల చేసింది. అప్‌డేట్లను వాయిదా వేయకపోవడం, ఒక బ్యాకప్‌నైనా కంప్యూటర్‌కూ నెట్‌వర్క్‌కూ తగిలించకుండా విడిగా ఉంచడం, ఆ కాపీ నుంచి ఫైళ్లు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం ఎవరైనా చేయగల పనులే. వ్యక్తిగా ఎవరైనా ముందు కాపాడుకోవలసింది తమ ఈమెయిల్‌ను. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులు అక్కడికే వస్తాయి కనుక, దానికి మరెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ వంటి రెండో రుజువు) ఉండాలి.

మోసం జరిగిపోయాక గంటలే కీలకం. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు చకచకా మారిపోతుంది కాబట్టి బ్యాంకుకు ఎంత త్వరగా తెలిస్తే స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. అయినా బాధితులు సిగ్గుతో, ఉద్యోగులు కొలువు పోతుందన్న భయంతో ఆ విలువైన గంటలను మౌనంగా పోగొట్టుకుంటున్నారు. ఫిర్యాదు స్వీకరించే అధికారి మొదటి ప్రశ్న ‘ఎలా నమ్మారు?’ అని కాకుండా ‘ఏ ఖాతాకు, ఎప్పుడు పంపారు?’ అని ఉండేలా వారికి శిక్షణ ఇప్పించాలని ప్రత్యేకంగా కోరుతున్నాను.

పైన చెప్పిన పద్ధతులను ఒకే కాగితం మీద సులభమైన భాషలో అచ్చువేసి, వ్యాపారం నమోదు చేసుకునే ప్రతివారికీ ఆ నమోదు పత్రంతో పాటే అందించండి. ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు పంపే సందేశాల్లో లింకులు ఉండకుండా చూడండి. ఒకవైపు లింకులు నొక్కవద్దంటూ మరోవైపు మనమే లింకులు పంపుతుంటే, అసలు సందేశానికీ దొంగ సందేశానికీ తేడా తెలిసే దారి జనానికి ఉండదు. ఈ మార్పును మీ శాఖ సందేశాలతోనే మొదలుపెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
చిన్న వ్యాపారాల లెక్కలు చూసే ఒక పౌరుడు