టార్చి పాడవలేదు, మరలు మురికిపట్టాయి

సంపాదకులకు,

అక్టోబరు వస్తే చాలు, తుపాను జాగ్రత్తల్లో ప్రతి పత్రికా ఒక మాట రాస్తుంది: టార్చిలైటు, బ్యాటరీలు దగ్గర ఉంచుకోండి అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఆ మాట విలువ నగరమంతటికీ తెలిసింది. అయితే ఏడాదిగా బీరువా మీద పడి ఉన్న టార్చి ఆ రాత్రి వెలగాలంటే ముందుగా ఏం చేసిపెట్టుకోవాలో మాత్రం ఆ జాగ్రత్తల్లో ఉండదు. అందుకే ఈ ఉత్తరం. ఇందులోని నాలుగు ముక్కలైనా ఈసారి తుపాను జాగ్రత్తల పక్కన వేయమని కోరుతున్నాను.

ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నది ఛార్జింగు బ్యాటరీ వేసుకునే అల్యూమినియం టార్చి. ఇక పనికిరాదని మూలన పడేసిన వాటిని విప్పి చూస్తే లోపల ఎల్‌ఈడీ, సర్క్యూటు బాగానే ఉండడం మామూలే. వెనక మూత బిగించే మరల్లో నల్లటి జిగట, దాని పక్కనే ఎండి చదునైపోయిన రబ్బరు రింగు కనిపిస్తాయి. మెకానిక్కులు చుట్లనీ త్రెడ్డనీ అనే ఈ మరలు మూతను పట్టి ఉంచడానికే అనుకుంటాం. కరెంటు నడిచే దారి కూడా అదే. బ్యాటరీ అడుగు నుంచి స్ప్రింగుకి, స్ప్రింగు నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి మూతకి, మూత నుంచి గొట్టానికి, గొట్టం మీదుగా తలలో ఉన్న ఎల్‌ఈడీకి. మూత గొట్టాన్ని తాకేది మరల దగ్గర, గొట్టం అంచు దగ్గర. అక్కడ మురికి చేరితే కరెంటుకు అడ్డం పడినట్టే.

ఆ నల్లటి ముద్ద ఎక్కడిదంటే, అల్యూమినియం మెత్తని లోహం. గ్రీజు లేకుండా విప్పుతూ బిగిస్తూ ఉంటే మర మీద మర రాసుకుని సన్నని పొడి రాలుతుంది. గాలి తగిలిన వెంటనే ఆ పొడి పైపొర ఆక్సైడుగా మారుతుంది. అల్యూమినియం ఆక్సైడులో కరెంటు పారదు. ఈ పొడి పాత గ్రీజుతో, దుమ్ముతో కలిసి కాటుకలా తయారవుతుంది. అలాగే వదిలేస్తే ఒకరోజు మూత మరల్లోనే ఇరుక్కుపోయి, పటకారుతో తిప్పినా రాదు.

పాతకాలం ఇత్తడి టార్చికి ఈ బాధ ఇంతగా లేకపోవడానికి కారణం ఉంది. రెండు పెద్ద బ్యాటరీలతో వెలిగే ఆ బల్బు లాగేది సుమారు అర ఆంపియరే. ఇప్పటి ఎల్‌ఈడీ టార్చి ఒక్క 18650 బ్యాటరీ నుంచి, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న బ్యాటరీ నుంచి, పూర్తి వెలుగులో 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. మరల దగ్గర 0.1 ఓం నిరోధం చేరిందనుకోండి. ఇత్తడి టార్చిలో పోయేది 0.05 వోల్టు. ఎల్‌ఈడీ టార్చిలో అదే 0.3 వోల్టు. బ్యాటరీ ఇచ్చేది 3.7 వోల్టులు, ఎల్‌ఈడీకి కావలసింది దాదాపు 3. మధ్యలో ఉన్న ఆ కాస్త వెసులుబాటులో సగానికి దగ్గరగా మురికే తినేస్తుంది. అందుకే తక్కువ వెలుగులో చక్కగా ఉన్న టార్చి, ఎక్కువకు మార్చగానే మిణుకుమిణుకుమంటుంది, లేదా ఆరిపోతుంది.

తప్పు వెనక మూత వైపు ఉందో లేదో ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. బ్యాటరీ ప్లస్ కొన తల వైపు ఉండే టార్చి అయితే, మూత తీసేసి చిన్న రాగి తీగ ఒక కొనను బ్యాటరీ అడుగుకి, రెండో కొనను గొట్టం అంచున తెల్లగా మెరిసే లోహానికి ఒక్క క్షణం ఆనించండి. నల్లరంగు పూత మీద ఆనిస్తే ఏమీ జరగదు, ఆ పూత కరెంటును పోనివ్వదు. తీగతో బాగా వెలిగి, మూత పెడితే వెలగకపోతే తప్పు మూతలోనో మరల్లోనో ఉంది. తీగతోనూ వెలగకపోతే ముందు ఛార్జి చేసిన బ్యాటరీ వేసి చూసి, ఆ తర్వాతే తల వైపు వెతకాలి.

శుభ్రం చేయడానికి కావలసినవి పాత టూత్‌బ్రష్, పీచు రాలని నూలుగుడ్డ, పళ్ళుకుట్టుకునే చెక్క పుల్ల, 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్. శానిటైజరు వద్దు, అందులో ఉండే గ్లిజరిన్ జిగటగా మిగిలిపోతుంది. పెట్రోలు, కిరసనాయిలు కూడా వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. గోళ్ళరంగు తీసే ద్రవం తగిలితే ప్లాస్టిక్ అద్దం మసకబారుతుంది.

ముందుగా బ్యాటరీ తీసేయండి. ఆ తర్వాత రింగు తీయాలి. పిన్నుతోనో సూదితోనో పెకలిస్తే రింగు మీద కంటికి కనపడని గాటు పడుతుంది. నీరు దూరేది ఆ గాటు దగ్గరే. బొటనవేలు, చూపుడువేలు రింగుకి రెండు వైపులా పెట్టి ఒకచోటికి నెట్టండి. వేళ్ళ మధ్య రింగు చిన్న కమానులా లేస్తుంది. అక్కడ పట్టుకుని మెల్లగా దొర్లించి తీయాలి. జారిపోతుంటే చెక్క పుల్ల సాయం తీసుకోవచ్చు.

మరల మురికిని బ్రష్‌తో అడ్డంగా రుద్దితే పక్క మరలోకి పోతుంది. మర తిరిగిన దారినే బ్రష్ తిప్పాలి. అంతకంటే మంచిది గుడ్డ పీలిక. ఆల్కహాల్‌తో తడిపిన సన్నని పీలికను మర లోతులో పడేసి, రెండు కొనలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు ముందుకీ వెనక్కీ లాగండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా పీలికలు మార్చండి. మొదటి రెండు మూడు నల్లగా వస్తాయి, కంగారు పడక్కర్లేదు. మూత లోపలి మరలకు అదే గుడ్డను పుల్లకు చుట్టి వాడితే సరి. దూది వాడితే పీచు మిగులుతుంది. ఆ పీచు రింగు కింద పడితే నీరు లోపలికి పోవడానికి దారి ఇచ్చినట్టే.

మూత లోపల స్విచ్చిని పట్టి ఉంచే లోహపు బిళ్ళ ఒకటి, రెండు చిన్న రంధ్రాలతో ఉంటుంది. ఇది వదులైతే మరలు ఎంత శుభ్రం చేసినా మిణుకు పోదు. మొన తేలిన పట్టకారును ఆ రంధ్రాల్లో పెట్టి బిగించాలి. మామూలుగా గడియారం ముల్లు తిరిగే వైపే బిగుస్తుంది. గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయకండి, కొన్నింటికి మర ఎదురు తిరిగి ఉంటుంది. చాలా టార్చిల జబ్బు ఈ బిళ్ళ దగ్గరే ఉంటుంది. ఇక గొట్టం అంచును, స్ప్రింగు కొనను పెన్సిల్ రబ్బరుతో రుద్ది ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. గరుకు కాగితం పెడితే స్ప్రింగు మీది పూత పోయి తుప్పు మొదలవుతుంది.

గ్రీజు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. కావలసింది సిలికాన్ గ్రీజు. ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ల సర్వీసు సామాను అమ్మేచోట అడగండి, ఫిల్టరు రింగులకు రాసేది అదే. హార్డ్‌వేర్ షాపులో ‘సిలికాన్’ అని మాత్రమే అడిగితే కిటికీ సందులు పూడ్చే సీలెంటు ఇస్తారు. అది రాశారంటే మూత అతుక్కుపోతుంది. కంప్యూటరు ప్రాసెసర్ల మీద రాసే తెల్లటి పేస్టు కూడా దీనికి పనికిరాదు.

ఇంట్లో ఉన్నదేదో ఒకటి రాసేద్దామనిపిస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, నెలలు గడిస్తే జిగురవుతుంది. వాజలైన్ రెంటచింతల ఎండలోనో, తలుపులు మూసిన కారులోనో కరిగి కారి, చివరికి స్విచ్చి దగ్గర చేరుతుంది. పైగా అది పెట్రోలియం సరుకు కాబట్టి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరును, మామూలు రబ్బరును ఉబ్బిస్తుంది. బేరింగులకు వాడే గ్రీజుదీ అదే గుణం. బిగుసుకున్న మరలను వదులు చేసే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేల్లో ద్రావకమే ఎక్కువ. ఇరుక్కున్న మూత వదులు చేయడానికి పనికొస్తుందేమో గానీ కొద్దిరోజుల్లో ఆరిపోతుంది, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. నీరు రాకుండా ప్లంబర్ల తెల్ల టేపు చుట్టేవారూ ఉన్నారు. ఆ టేపు కరెంటును ఆపేస్తుంది, చుట్టాక టార్చి వెలగకపోతే కారణం అదే.

సిలికాన్ గ్రీజు పడనిది ఒక్క సిలికాన్ రబ్బరుకే, రెండూ ఒక జాతివి కాబట్టి రింగు దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. నల్ల రింగులు ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి, వాటికి భయం లేదు. ఎర్రగానో తెల్లగానో గాజులా పారదర్శకంగానో ఉండి, మెత్తగా తగిలే రింగు చాలాసార్లు సిలికాన్‌ది. అలాంటిదైతే అదే కొలత నైట్రైల్ రింగు కొని మార్చుకోవడం తేలిక.

ఎంత రాయాలి? మరలకు బియ్యపు గింజంత. రింగుకు ఆవగింజంత, వేళ్ళ మధ్య దొర్లిస్తూ నిగనిగలాడేదాకా. తెల్లగా కనపడితే ఎక్కువైందని అర్థం. ఎక్కువైన గ్రీజు ఇసుకను పట్టుకుని మరలను ఆకురాయిలా అరగదీస్తుంది. సిలికాన్ కూడా కరెంటును పోనివ్వదు కదా, మరలకు ఎలా రాస్తామని అనుమానం రావచ్చు. బిగించినప్పుడు లోహం మీద లోహం నొక్కుకుని పలుచని పొర పక్కకు తప్పుకుంటుంది. మందంగా పూస్తే తప్పుకోదు. గొట్టం అంచుకు, స్ప్రింగుకు మాత్రం అసలు తగలకూడదు, పొరపాటున తగిలితే ఆల్కహాల్‌తో తుడిచేయండి.

రింగును మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టి మూత పెట్టేటప్పుడు ముందు వెనక్కి, అంటే విప్పే వైపు తిప్పండి. మర కొన మర కొనను దాటి చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు బిగించే వైపు తిప్పితే మర అడ్డం పడదు. అల్యూమినియం మర ఒక్కసారి అడ్డంగా ఎక్కితే మళ్ళీ సరిగ్గా కూర్చోవడం కష్టం. చేత్తో బిగించినంత చాలు.

రింగు నీటిని ఆపేది నలిగి తిరిగి ఉబికే గుణంతో. గాడిలో కూర్చున్నాక గొట్టం కంటే కాస్త పైకి ఉండాలి, మూత దాన్ని నొక్కాలి. ఒకవైపు చదునైనా, వంచితే సన్నని బీటలు కనిపించినా మార్చేయాలి. కొత్తది కొనడానికి రింగు లోపలి వ్యాసం, రింగు రబ్బరు మందం అనే రెండు కొలతలు కావాలి. లేదా పాత రింగు, టార్చి రెండూ పట్టుకుని బేరింగులు, ఆయిల్ సీళ్ళు అమ్మే షాపుకు వెళ్ళండి. సరిగ్గా కుదిరేది దొరక్కపోతే కొద్దిగా చిన్నది తీసుకోవచ్చు, సాగి గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. పెద్దదైతే మరల మధ్య పడి తెగుతుంది. దుకాణదారులకు ఒక మనవి: టార్చి అమ్మేటప్పుడే రెండు రింగులు విడిగా ఇవ్వండి. కొన్ని రూపాయల సరుకు, అవసరం పడ్డనాడు దాని కొలత వెతుక్కోవడమే పెద్ద పని.

డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకు తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. ఆ పరీక్ష చేసింది కొత్త రింగుతో. పైగా చాలాసేపు వెలిగి కాలిపోతున్న టార్చిని కాలువ నీళ్ళలో ముంచితే లెక్క మారుతుంది. లోపలి గాలి 60 డిగ్రీల నుంచి 30కి చల్లబడితే పీడనం దాదాపు 9 శాతం పడిపోతుంది. 90 సెంటీమీటర్ల లోతు నీరు పైన ఉన్నంత ఒత్తిడితో బయటి నీరు లోపలికి తోసుకొస్తుంది. పొలంలో బురద అంటితే చల్లారనిచ్చి కడగండి. ఉప్పాడ, భీమిలి తీరాల్లో వేటకు తీసుకెళ్ళే టార్చిని మూత విప్పకముందే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు విప్పాలి. ఉప్పునీటి చుక్క మరల్లోకి పోతే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలడం మొదలవుతుంది.

బ్యాటరీ కారి మరలు పాడైతే నిమ్మరసంతో తుడవమంటారు. ఆల్కలైన్ బ్యాటరీ అయితే అది సరైనదే, కారేది క్షారం. మన కిరాణా కొట్లలో ఎక్కువగా అమ్మే మామూలు బ్యాటరీలు జింక్-కార్బన్‌వి, వాటి నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్న ద్రవం. దానికి వంటసోడా కలిపిన నీళ్ళు కావాలి, నిమ్మరసం పూస్తే మరింత తింటుంది. బ్యాటరీ మీద ఏం రాసి ఉందో చూసి ఏది వాడాలో తేల్చుకోండి. ఏది వాడినా తర్వాత మంచినీటి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే గ్రీజు రాయాలి.

ఇంట్లో ఉంచే టార్చికి ఈ పనంతా ఆరునెలలకోసారి చాలు, పదిహేను నిమిషాలు పడుతుంది. రాత్రిళ్ళు మోటారు దగ్గరికి, చేపల చెరువుల గట్ల మీదికి వెళ్ళేవారు నెలకోసారి చేసుకోవాలి. నెలల తరబడి వాడరనుకుంటే ఛార్జి చేయలేని, ఒకసారి వాడి పారేసే రకం బ్యాటరీలను బయటికి తీసి విడిగా పెట్టండి. ఛార్జింగు బ్యాటరీ ఉన్న టార్చికి మూత పావు చుట్టు వదులు చేసి స్విచ్చి నొక్కి చూడండి. వెలగకపోతే మరల మీద కరెంటు పోనివ్వని పూత ఉన్నట్టు, అలాగే వదులుగా ఉంచితే సంచిలో పొరపాటున స్విచ్చి నొక్కుకున్నా బ్యాటరీ ఖర్చు కాదు. తుపాను కబురు వచ్చిన రోజున బిగిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక టార్చిలైట్ల మరమ్మతుదారు,
కాకినాడ