రాత్రిపూట నెట్ ఎందుకు పాకుతోందంటే

మా కేబుల్ ఇంటర్నెట్ తీసుకున్న అందరికీ నమస్కారం.

నెల రోజులుగా వస్తున్న ఫోన్లన్నిటిదీ దాదాపు ఒకటే మాట: "పగలు బ్రహ్మాండంగా వస్తోంది. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఫోన్ లైన్ మీద వచ్చే డయల్-అప్పే నయమనిపిస్తోంది. కేబుల్ అంటే స్పీడని మీరే చెప్పారు కదండీ?" చెప్పాం. చెప్పకుండా దాటేసింది కూడా కొంత ఉంది. అది ఇప్పుడు రాస్తున్నాను.

స్పీడ్ గురించి చెప్పింది అబద్ధం కాదు. మీ టీవీకి వచ్చే నల్ల వైరులోనే ఒక చానెల్ ఖాళీ చేసి ఇంటర్నెట్‌కి ఇచ్చాం. 6 మెగాహెర్ట్జ్‌ల ఆ ఒక్క చానెల్‌లో సెకనుకు దాదాపు 27 మెగాబిట్లు దిగుతాయి. అందులో ఒక్కొక్కరికి 1 మెగాబిట్ దాకా వదులుతున్నాం. టెలిఫోన్ లైన్‌కి 56కె మోడెమ్ తగిలించినా చేతికొచ్చేది 45 కిలోబిట్లు, కాస్త అటూ ఇటూగా. మీరు పంపేవైతే 33.6 దాటవు. 4 మెగాబైట్ల పాట డయల్-అప్‌లో దిగడానికి 12 నిమిషాలు పడుతుంది. మా లైన్ ఖాళీగా ఉంటే అర నిమిషం. పగలు మీరు చూస్తున్నది అదే.

అయితే ఆ 27 మెగాబిట్లు వీధిలో ఉన్న ఇళ్లన్నిటికీ ఉమ్మడి. డయల్-అప్‌లో మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజి దాకా ఉన్న జత తీగలు మీ ఒక్కరివే. సన్నవే అయినా ఎవరూ పంచుకోరు. ఉమ్మడి వల్లే ఇంత నెమ్మది అని మా కుర్రాళ్లు మీకు చెప్పారట. అది సగం నిజం. మీరున్న సంఖ్యకి 27 ఇంకా చాలు. ఇరుకంతా మా కంట్రోల్ రూమ్ తర్వాత ఉంది. అక్కడి నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే లీజ్డ్ లైన్, అంటే మేం అద్దెకి తీసుకున్న లైన్, ఒక్కటే, అదీ 2 మెగాబిట్లది. రాత్రి 40 మంది ఒకేసారి ఏదో ఒకటి దించుకుంటుంటే తలా 50 కిలోబిట్లు వస్తాయి. డయల్-అప్ నయమని మీరు ఊరికే అనలేదు.

మొదట్లో 30 కనెక్షన్లే ఉన్నాయి, అందరూ ఒకే సమయానికి కూర్చోరులే అనుకున్నాం. ఇప్పుడు 140 అయ్యాయి. లైన్ మాత్రం ఆ ఒక్కటే. ఎనభై దాటినప్పుడే కొత్తవి ఆపాల్సింది. అడిగినవాళ్లకి లేదనలేక ఇస్తూ పోయాం.

పోయిన వారం మూడు రోజులు అసలే ఆగిపోయింది కదా, దానికి కారణం వేరు. మీరు క్లిక్ చేసినప్పుడు ఆ కోరిక మా దగ్గరికి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఉన్న దారిలో వస్తుంది. షార్ట్‌వేవ్ రేడియో, మోటార్ల గరగర తిరిగేది కూడా ఆ మేరలోనే. వైరు బిగుతుగా ఉంటే అవేవీ లోపలికి రావు. ఎక్కడైనా కనెక్టర్ వదులైతే మాత్రం దూరుతాయి. పైగా కిందికి వచ్చే సిగ్నల్ ఇళ్లకి చీలిపోతుంది గానీ, పైకి వచ్చే రొద అన్ని ఇళ్ల నుంచీ పోగై ఒక్కచోటే కురుస్తుంది. ఒక్క ఇంటి తప్పు వీధి మొత్తాన్ని ముంచుతుంది. స్తంభం తర్వాత స్తంభం ఎక్కి, ఒక్కో లైన్ విప్పి చూసుకుంటూ పోతే, చివరికి ఒకరింట్లో టీవీ వెనక వైరు కొస ఊరికే వేలాడుతూ కనిపించింది. అది వాళ్ల తప్పు కాదు. రెండో టీవీ తీసేసినప్పుడు అక్కడ టెర్మినేటర్, అంటే కొసని మూసే బిరడా, పెట్టాల్సింది మా మనిషే. ఇంట్లో అలా ఖాళీ కొస ఉంటే చెప్పండి, వచ్చి మూసేస్తాం, డబ్బులేం అక్కర్లేదు. ఒక వైరుని రెండుగా చీల్చే స్ప్లిటర్లు మాత్రం మీరు కొని తగిలించకండి, దండం పెడతాను.

ఇంకొకటి, చెప్పడానికే సిగ్గుగా ఉంది. విండోస్ 98లో నెట్‌వర్క్ నైబర్‌హుడ్ తెరిస్తే పక్కింటివాళ్ల కంప్యూటర్లు కనిపించాయని ఇద్దరు చెప్పారు. ఒకరి ప్రింటర్‌లో ఇంకొకరి లెక్కల కాగితం వచ్చిందట! డయల్-అప్‌లో ఎవరి ఫోన్ కాల్ వాళ్లది కాబట్టి ఈ గొడవ బయటపడలేదు. మా దగ్గర వీధంతా ఒకే నెట్‌వర్క్ మీద ఉంది. ఆ దారిని మోడెమ్ దగ్గరే మూసేశాం. అయినా మీ వైపు ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ టిక్కు తీసేయండి. రాత్రంతా కనెక్షన్ తెరిచే ఉంటుందని మర్చిపోకండి.

వేరే కంపెనీ మోడెమ్ కొనుక్కోవచ్చా అని కొందరు అడిగారు. డాక్సిస్ అని రాసి ఉంటే కొనుక్కోండి, అది కేబుల్ మోడెమ్‌లన్నిటికీ ఉమ్మడి ప్రమాణం. 1997లో ఆ ప్రమాణం రాకముందు ఒక కంపెనీ మోడెమ్ ఇంకో కంపెనీ పరికరంతో మాట్లాడేదే కాదు.

రెండో లీజ్డ్ లైన్‌కి డబ్బు కట్టేశాం. అది వచ్చేదాకా కొత్త కనెక్షన్ ఒక్కటి కూడా ఇవ్వం. ఈ నెల బిల్లు సగమే తీసుకుంటాం. మీ నుంచి పైకి వెళ్లే స్పీడ్‌కి 128 కిలోబిట్ల హద్దు పెడుతున్నాం. ఇది కొందరికి నచ్చదని తెలుసు. కానీ రోజంతా ఫైళ్లు పంచిపెట్టే నలుగురి వల్ల మిగతావాళ్లకి పేజీ తెరుచుకోవడం లేదు. డయల్-అప్ అకౌంట్ ఉన్నవాళ్లు దాన్ని ఇంకో రెండు నెలలు ఉంచుకోండి. నా వ్యాపారానికి నష్టమైనా ఆ మాటే చెప్తాను.

డయల్-అప్‌లో ఏం జరుగుతోందో మోడెమ్ కూతలోనే తెలిసిపోయేది. ఎంగేజ్ టోన్ వస్తే మళ్లీ తిప్పేవాళ్లం. కేబుల్ మోడెమ్‌కి నోరు లేదు, ఆగినా చప్పుడు చేయదు. పైగా ఫోన్ లైన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి నెట్ ఆగిన మరుక్షణం మాకు ఫోన్ వస్తోంది. చేయండి, కాదనను. చేసేముందు మోడెమ్ మీద కేబుల్ లైట్ నిలకడగా వెలుగుతోందా, ఆరిఆరి వెలుగుతోందా చూసి చెప్పండి. నిలకడగా ఉంటే తప్పు చాలావరకు మా గదిలో ఉన్నట్టు. ఆరిఆరి వెలుగుతుంటే నిచ్చెన తీసుకుని మేమే వస్తాం.