పాత తలుపు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి
అందరికీ నమస్కారం. ఎక్కడైనా పాత చెక్క తలుపు కనిపిస్తే మధ్య పలకను వేలితో నొక్కి చూడండి. చాలావాటిలో అది కొంచెం కదులుతుంది. వదులైపోయిందనుకోకండి, వడ్రంగి కావాలనే అలా వదిలాడు. తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున దాదాపు మారదు. అందుకే పలకను మేకులతో బిగించకుండా చట్రం గాడిలో ఊరికే కూర్చోబెట్టేవారు. ఉబ్బినా చోటుంటుంది, పగలదు. మూలల్లో ఒక చెక్క కొసను చెక్కి, రెండోదాని బెజ్జంలో దూర్చి, చెక్క చీల కొట్టేవారు. ఇదంతా ఉలి, బాడిస, చిత్రిక లాంటి చేతి పనిముట్లతోనే! ఇలా చెక్కలో చెక్క దూర్చి కట్టిన, జపాన్‌లోని హోర్యూజీ అనే బౌద్ధాలయం చెక్క గోపురం దాదాపు 1300 ఏళ్లుగా నిలిచి ఉంది. నాకైతే దానికన్నా ఈ మామూలు తలుపులే ఎక్కువ ఆశ్చర్యం. మీకు కనిపించిన చేతిపని ఫొటోలు గ్రూపులో పెట్టండి. గుడ్ మార్నింగ్ పూలు కాస్త తగ్గిద్దాం!