ఫిల్లర్ అంటే ఏ ఫిల్లర్?

సంపాదకులకు,

మొహం మీది గీతల్ని తగ్గించే ఫిల్లర్ ఇంజెక్షన్ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. అరగంట పని, నచ్చకపోతే కరిగించేసుకోవచ్చు అని రాశారు. ఆ రెండో మాట అన్ని ఫిల్లర్లకీ వర్తించదండీ. హైలురోనిక్ యాసిడ్ జెల్ అయితేనే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇచ్చి కరిగిస్తారు. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ రకానికి అలాంటి విరుగుడు లేదు, అది దానంతట అదే తగ్గేదాకా ఆగాల్సిందే, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసలున్న రకమైతే అసలు పోదు. కాబట్టి "ఫిల్లర్ వేస్తాం" అన్నవాళ్లని ఏ ఫిల్లరో అడగాలి, సీలు విప్పకముందే డబ్బా చూడాలి, బ్యాచ్ నంబర్ రాయించుకోవాలి. మొహమాటపడితే నష్టం మనకే.

అన్నట్టు, వ్యాసంలో బోటాక్స్‌నీ ఫిల్లర్‌నీ ఒకే గాటన కట్టేశారు. బోటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, ఫిల్లర్ చర్మం కింద పల్లాన్ని నింపుతుంది. రెండూ ఒకటి కాదు.

అసలు రాయాల్సింది రాయలేదని నా బాధ. జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మానికి రక్తం అందక చచ్చుబడొచ్చు. కనుబొమల మధ్యా ముక్కు దగ్గరా ఉండే నాళాలకి కంటి నాళాలతో సంబంధం ఉంది, అందుకే అక్కడ వేసినప్పుడు చూపు పోయిన కేసులు కూడా ఉన్నాయి. అరుదే, కాదనను, కానీ పోయిన చూపు తిరిగి రావడం కష్టం. చర్మం తెల్లగా పాలిపోయినా, వల అల్లినట్టు నీలి మచ్చలు తేలినా, విపరీతంగా నొప్పి పుట్టినా, చూపు మసకబారినా రేపు చూద్దాంలే అనుకోకూడదు, వెంటనే పరిగెత్తాలి. చాలా జెల్‌లలో మత్తుకి లిడోకైన్ కలిపే ఉంటుంది కాబట్టి నొప్పి లేదు కదా అని ధీమా పడటానికీ లేదు. వేసే చోట జెల్‌ని కరిగించే ఆ ఎంజైమ్ చేతికందేలా ఉందా, లేక అప్పుడు తెప్పిస్తారా? నన్నడిగితే ఖర్చు సంగతి కంటే ముందు అడగాల్సింది ఇదే.

ఇక సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే పెన్నులు ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో వాడేవాళ్లకైతే దండం పెట్టాలి. వాటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది.

ఫిల్లర్లు వద్దని నేననను. ఎవరి మొహం వాళ్లిష్టం, వయసు కనబడితే తప్పేంటని క్లాసులు పీకేవాళ్లంటే నాకూ చిరాకే. మీరు మాత్రం ఆ ప్రమాద లక్షణాల్ని ఈసారి పెద్దక్షరాల్లో వేయండి.

ఒక పాఠకురాలు