వార్షిక నివేదిక 2024–25: హాజరు పట్టీలో పేరున్న బిడ్డ బడిలో కూడా ఉండాలి

గౌరవ సభ్యులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మనం ఒకటే పని నెత్తికెత్తుకున్నాం. వైకల్యం ఉన్న మన పిల్లల పేర్లు బడిలో రాయించి ఊరుకోకుండా, వాళ్లు రోజూ బడికి వెళ్లేలా చూడాలని. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. దగ్గర్లోని మామూలు బడిలో చేర్చాలా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఎంచుకునేది మనమే. అయినా చాలా ఇళ్లలో పేరు పట్టీలో ఉంది, పిల్ల ఇంట్లో ఉంది. ఎందుకని విజయనగరం చుట్టుపక్కల మన సభ్యుల ఇళ్లకు వెళ్లి అడిగాం.

ఎక్కువమంది చెప్పింది ఒకటే. తీసుకెళ్లే మనిషి లేరు. మన వైపు సంగతి మీకు తెలియంది కాదు. అమ్మానాన్నలు పనుల కోసం విశాఖో, హైదరాబాదో, చెన్నైయో వెళ్లిపోతారు. పిల్లలు మామ్మ దగ్గర ఉండిపోతారు. చీపురుపల్లి వైపు ఒక మామ్మ, “చిన్నప్పుడు ఎత్తుకెల్లేదాన్ని బాబూ, ఇప్పుడు గుంట నాకంటే బరువైపోయింది” అంది.

అందుకే ఈ ఏడాది చందాల్లో పెద్ద వాటా ఆటోలకే పెట్టాం. ఒకే దారిలో ఉన్న పిల్లల్ని కలిపి బడికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి ఆటో మాట్లాడాం. వంతుల ప్రకారం ఒక తల్లి తోడు వెళ్తోంది. ప్రభుత్వ బడి చదువుల పథకం సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం, తోడు వెళ్లేవారికి భత్యం ఉన్నాయి. ఆ డబ్బు చేతికొచ్చేదాకా ఆటో అతను ఆగలేడు కదా, అంతవరకు సంఘం సర్దుతోంది. ఈ డబ్బుతో వీల్‌చైర్లు కొంటే మంచిదని కమిటీలో కొందరు గట్టిగానే వాదించారు. వీల్‌చైర్లు శిబిరాల్లో ఉచితంగా ఇస్తున్నారు. రోజూ గుమ్మం ముందుకొచ్చే ఆటో ఎవరిస్తారు?

బడికి చేరాక మరో కథ. గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో సెరిబ్రల్ పాల్సీ (కండరాల మీద అదుపు తగ్గే మెదడు సమస్య) ఉన్న పాప బెంచీ మీద కూర్చుంటే పక్కకి ఒరిగిపోయేది. తల నిలబెట్టుకోవడానికే ఓపికంతా అయిపోతే ఇక పలక మీద చూపెలా నిలుస్తుంది? ఫిజియోథెరపిస్టు కొలతలు చెబితే ఊరి వడ్రంగే చెక్క కుర్చీ చేసిపెట్టాడు. పాదాలు పూర్తిగా ఆనేలా కింద పీట, రెండు వైపులా మెత్తలు, నడుముకి బెల్టు, ముందు అంచులున్న బల్ల. కాళ్లు ఆనితే నడుము నిలుస్తుంది, నడుము నిలిస్తే చేతులు పనికొస్తాయి. ఇప్పుడు మధ్యాహ్న భోజనం ఆ బల్ల మీద తన చేత్తో తింటోంది. సగం మెతుకులు కింద పడతాయి. పడనివ్వండి, దయచేసి ఎవరూ తినిపించొద్దు.

ర్యాంపుల గురించి గట్టిగా చెప్పాలి. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి. అంటే అడుగున్నర అరుగుకి 18 అడుగులు. మేం చూసిన ఒక ర్యాంపు ఆరడుగులు కూడా లేదు, వెనక మనిషి తోసినా కుర్చీ ఎక్కదు. అక్కడ పాఠశాల యాజమాన్య కమిటీతో మాట్లాడి, మలుపు తిప్పి పొడవు పెంచాం. మరుగుదొడ్డి సమస్య అంతకంటే పెద్దది. తలుపు ఇరుకు, లోపల పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. దాంతో ఆడపిల్లలు బడిలో ఉన్నంతసేపూ నీళ్లు తాగడం మానేస్తున్నారు. వచ్చే ఏడాది మన మొదటి ఖర్చు ఇదే కావాలని నా అభిప్రాయం.

కొన్నిచోట్ల “ఇంటి దగ్గరే చదువు చెప్తాం, బడికి ఎందుకమ్మా” అంటున్నారట. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఆ వెసులుబాటు ఇచ్చింది, నిజమే. కానీ అది కావాలని మనం అడిగితేనే ఇవ్వాలి, ఎవరూ మన మీద రుద్దకూడదు. అలాగే వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం రాలేదని కొందరు బడే మాన్పించేశారు. ఆ శాతం పెన్షన్ లాంటి వాటికి అడ్డొస్తుంది గానీ బడిలో చేరడానికి కాదు.

పదో తరగతి పిల్లలకు పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కోసం దరఖాస్తులు ముందే పెట్టించాం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమాకు ఇంకా చాలా కుటుంబాలు దరఖాస్తు చేయలేదు. త్వరగా చేయండి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకు వెళ్లే దారిలో ఒక సభ్యుడి డాబా మీద పిల్లలందరికీ చోటు చేశాం. జనంలోకి తీసుకెళ్లలేక ఏటా తలుపేసి ఉంచే పిల్లలు, పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను ఆ దారిలో తిరిగిన మూడుసార్లూ కళ్లారా చూశారు. డప్పుల మోతకి ఒక బాబు చెవులు మూసుకుని ఏడిస్తే కింద గదిలో కూర్చోబెట్టాం. మూడోసారికి తనే పైకొచ్చాడు. సంక్రాంతి సెలవుల్లో చూపులేని పిల్లాడిని ఆటలో కలుపుకోవడానికి వీధి పిల్లలు బంతికి పాలిథిన్ కవరు చుట్టారు. అది దొర్లే చప్పుడు వింటూ వాడు బ్యాటు ఊపాడు. ఈ ఉపాయం వాళ్లకి మేం చెప్పలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. జూన్ 12న బడులు తెరిచేలోగా ఆటో దారులు తేల్చాలి. తోడు వెళ్లగల తల్లులు, మామ్మలు తమ పేరు, వీలైన వారం మీ మండల ప్రతినిధికి ఈ నెలాఖరులోగా చెప్పండి. బడికి వెళ్లని బిడ్డ మీ వీధిలో ఉంటే, మన సభ్యుల బిడ్డ కాకపోయినా సరే, ఆ ఇల్లు మాకు చూపించండి.

కార్యదర్శి